జీవాంజి దీప్తి

జీవాంజి దీప్తి తెలంగాణకు చెందిన అంతర్జాతీయ పారా అథ్లెటిక్స్ క్రీడాకారిణి. 2003, సెప్టెంబరు 27న వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ గ్రామంలో జన్మించింది. మేధోవైకల్యం గల క్రీడాకారుల కోసం ఏర్పరచిన టీ20 విభాగంలో 400 మీటర్ల పరుగు ఈమె ప్రధాన క్రీడాంశం. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో బంగారు పతకాన్ని, 2024 మే నెలలో జపాన్‌లోని కోబె నగరంలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో ప్రపంచ రికార్డుతో బంగారు పతకాన్ని, 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలలో కాంస్య పతకాన్ని సాధించింది. మేధోవైకల్యం గల విభాగంలో పారాలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ క్రీడాకారిణి ఈమెయే. భారత ప్రభుత్వం 2024 సంవత్సరానికి గాను ఈమెకు అర్జున అవార్డు ప్రకటించింది.

స్వగ్రామం

కల్లెడ గ్రామం పూర్వపు వరంగల్ జిల్లాలోనిది. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఇది వరంగల్ గ్రామీణ జిల్లాలో చేరింది. 2021లో ఆ జిల్లా పేరు వరంగల్ జిల్లాగా మారింది. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల మాదిరిగానే ఇక్కడ కూడా ప్రజల ప్రధాన జీవనాధారం వ్యవసాయం, వ్యవసాయ కూలి.

క్రీడారంగంలో కల్లెడ పేరు దీప్తి కంటే ముందే వినిపించింది. ఈ గ్రామానికే చెందిన విలువిద్య క్రీడాకారిణి వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరఫున పాల్గొన్నది. గ్రామంలో గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్డీఎఫ్) నడుపుతున్న పాఠశాలలో చదువుతో పాటు ఆటలకు కూడా స్థానం కల్పించడం ఇందుకు ఒక కారణం. దీప్తి కూడా ఈ పాఠశాల విద్యార్థినియే. ఒక చిన్న పల్లె నుంచి పదహారేళ్ళ వ్యవధిలో ఒకరు ఒలింపిక్ క్రీడలకు, మరొకరు పారాలింపిక్ క్రీడలకు వెళ్ళడం విశేషం.

బాల్యం

దీప్తి తల్లిదండ్రులు ధనలక్ష్మి, యాదగిరి. వీరిది చాలా చిన్న కమతం. ఇతరుల పొలాలలో కూలిపని చేసి కుటుంబాన్ని పోషించుకున్నారు. ఇంటి పెద్ద మరణించిన తర్వాత ఉన్న కొద్దిపాటి భూమిని కూడా అమ్ముకోవలసి వచ్చింది.

చిన్ననాటి నుంచి దీప్తికి విషయాలను గ్రహించడంలో, గుర్తుంచుకోవడంలో, ఇతరులతో మాట్లాడటంలో ఇబ్బంది ఉండేది. తోటి పిల్లలు, ఊరివారిలో కొందరు ఆమెను పిచ్చిదని, కోతి అని హేళన చేసేవారని, బిడ్డను అనాథాశ్రమంలో వదిలివేయమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారని తల్లిదండ్రులు 2024లో పత్రికలకు తెలియజేశారు. వారు ఆ సలహాను పాటించలేదు. ఇంటికి వచ్చి ఏడ్చే బిడ్డను ఓదార్చి మళ్ళీ బడికి పంపారు. ఈమె క్రీడాజీవితానికి ఇది మొదటి మెట్టు అని చెప్పవచ్చును. ఎందుకనగా ఆమెలోని వేగం బయటపడినది బడి మైదానంలోనే.

గ్రహణం గురించిన అపోహ

గ్రహణ సమయంలో పుట్టడం వలననే దీప్తికి ఈ లోపం వచ్చిందనే మాట ఆమె గురించిన కథనాలలో తరచుగా కనిపిస్తుంది. గర్భిణి గ్రహణ సమయంలో బయట తిరిగితే పుట్టే బిడ్డకు లోపం కలుగుతుందన్న నమ్మకం తెలుగునాట చాలాకాలంగా ఉన్నది. ఈ నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అంతేకాక 2003 సంవత్సరంలో సూర్యగ్రహణాలు మే 31న, నవంబరు 23న ఏర్పడ్డాయి. చంద్రగ్రహణాలు మే, నవంబరు నెలలలో వచ్చాయి. దీప్తి జన్మించిన సెప్టెంబరు నెలలో ఏ గ్రహణమూ లేదు.

మేధోవైకల్యానికి వైద్యులు చెప్పే కారణాలు వేరు. జన్యుపరమైన మార్పులు, గర్భంలో ఉన్నపుడు సోకే కొన్ని వ్యాధులు, తల్లికి పోషకాహారం, అయోడిన్ చాలకపోవడం, కాన్పు సమయంలో బిడ్డ మెదడుకు ప్రాణవాయువు సరిగా అందకపోవడం, పసితనంలో మెదడుకు సోకే జ్వరాలు మొదలైనవి ముఖ్యమైన కారణాలు. చాలా సందర్భాలలో కచ్చితమైన కారణం తెలియదు. కారణం తెలియని చోట గ్రహణం మీద, తల్లి మీద నింద వేయడం ఆ కుటుంబానికి రెండవ శిక్ష వంటిది.

పాఠశాల మైదానం నుంచి హైదరాబాదుకు

కల్లెడ పాఠశాలలోని వ్యాయామ ఉపాధ్యాయుడు దీప్తి పరుగులోని వేగాన్ని మొదట గమనించి ఆమెను పోటీలకు తీసుకువెళ్ళాడు. ఆ పోటీలలో ఆమె అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేశ్ దృష్టిలో పడింది. రమేశ్ 2016లో ద్రోణాచార్య అవార్డు పొందిన శిక్షకుడు. ఒడిశాకు చెందిన ప్రముఖ పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌కు కూడా ఈయనే శిక్షణ ఇచ్చాడు. శిక్షణకు హైదరాబాదు రమ్మని పిలిచినపుడు బస్సు ఖర్చులకు కూడా ఆ కుటుంబం వద్ద డబ్బు లేకపోయింది. శిక్షకుడు, పాఠశాలకు చెందినవారు సహాయం చేసి ఆమెను నగరానికి రప్పించారు.

తొలిదశలో దీప్తి సాధారణ క్రీడాకారిణులతోనే తక్కువ దూరపు పరుగులలో పోటీపడింది. ఆమెకు మేధోవైకల్యం ఉండవచ్చునని, పరీక్ష చేయించమని బ్యాడ్మింటన్ క్రీడాకారుడు, శిక్షకుడు పుల్లెల గోపీచంద్ సూచించాడు. సికింద్రాబాదులోని జాతీయ మేధోవైకల్య సంస్థలో జరిపిన పరీక్షలలో ఈ విషయం నిర్ధారణ అయింది. 1984లో స్థాపించబడిన ఈ సంస్థ దేశంలో ఈ రంగానికి సంబంధించి ముఖ్యమైనది.

ఈ నిర్ధారణ దీప్తి జీవితంలో ఒక మలుపు. ఊరిలో హేళనకు కారణమైన లోపానికి ఇక్కడ ఒక వైద్యపరమైన పేరు, ఒక ధ్రువపత్రం లభించాయి. ఆ ధ్రువపత్రం ఆధారంగానే ఆమెకు పారా అథ్లెటిక్స్ పోటీలలో ప్రవేశం కలిగింది. 2022లో మొరాకోలో జరిగిన పారా అథ్లెటిక్స్ గ్రాండ్ ప్రి పోటీలలో పాల్గొనడంతో ఈమె అంతర్జాతీయ పారా క్రీడాజీవితం ఆరంభమైనది.

టీ20 విభాగం

పారా అథ్లెటిక్స్‌లో క్రీడాకారులను వారి వైకల్యం రకాన్ని, తీవ్రతను బట్టి విభాగాలు చేస్తారు. ఆంగ్ల అక్షరం 'టీ' పరుగు, దూకుడు అంశాలను, 'ఎఫ్' విసిరే అంశాలను తెలుపుతుంది. 20 అనే సంఖ్య మేధోవైకల్యానికి గుర్తు. ఈ విభాగంలో చేరడానికి మూడు షరతులు ఉన్నాయి.

* ప్రజ్ఞాలబ్ధి 75 లేదా అంతకు తక్కువగా ఉండవలెను.
* దైనందిన జీవితానికి కావలసిన నైపుణ్యాలలో గణనీయమైన లోపం ఉండవలెను.
* ఈ రెండూ ఎదుగుదల వయసులోనే కనిపించి ఉండవలెను.

వీటితో పాటు ఆ లోపం ఆటమీద ప్రభావం చూపుతున్నదని కూడా తేలవలెను. ఈ క్రీడాకారుల కాళ్ళలో, చేతులలో లోపం ఉండదు కనుక చూసేవారికి వీరి వైకల్యం ఏమిటో వెంటనే అర్థం కాదు. ఆటలో ఒకదాని తర్వాత ఒకటి చేయవలసిన పనుల క్రమాన్ని గుర్తుంచుకోవడం, పరిస్థితిని గ్రహించి వెంటనే స్పందించడం, శక్తిని ఎక్కడ ఎంత వాడవలెనో లెక్క వేసుకోవడం వీరికి కష్టమవుతుంది.

పారాలింపిక్ క్రీడలలో ఈ విభాగం చరిత్ర ఒడిదుడుకులతో కూడినది. 1996 అట్లాంటా క్రీడలలో మేధోవైకల్యం గలవారికి అథ్లెటిక్స్‌లో చోటు లభించింది. 2000 సిడ్నీ క్రీడలలో ఈ విభాగపు బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత జరిగిన విచారణలో ఆ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తేలింది. జట్టు పతకాన్ని వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. అయితే శిక్ష ఆ జట్టుతో ఆగలేదు. పరీక్షించే పద్ధతి నమ్మదగినదిగా లేదని ప్రపంచవ్యాప్తంగా ఈ విభాగాన్నే తొలగించారు. ఫలితంగా 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ పారాలింపిక్ క్రీడలలో మేధోవైకల్యం గలవారికి ప్రవేశం లేకపోయింది.

పరీక్షా పద్ధతులను కొత్తగా రూపొందించిన తర్వాత 2012 లండన్ క్రీడలలో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్ క్రీడలలో మాత్రమే ఈ విభాగాన్ని పునరుద్ధరించారు. అథ్లెటిక్స్‌లో అప్పుడు 1500 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ అంశాలే ఉండేవి. లండన్‌లో మహిళల లాంగ్ జంప్‌ను పోలెండ్‌కు చెందిన కరోలినా కుహార్చిక్ గెలుచుకున్నది. 400 మీటర్ల పరుగును 2016 రియో క్రీడలలో చేర్చారు. రియోలోనూ, 2021లో జరిగిన టోక్యో క్రీడలలోనూ మహిళల 400 మీటర్ల బంగారు పతకం అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్‌కు దక్కింది. అనగా దీప్తి పుట్టిన నాటికి ఆమె వంటివారికి పారాలింపిక్ క్రీడలలో చోటు మూతపడి ఉన్నది. ఆమె 400 మీటర్ల పరుగు ఆ క్రీడలలో చేరేనాటికి ఆమె బడిలో చదువుకుంటున్నది.

400 మీటర్ల పరుగు

400 మీటర్ల పరుగు అనగా మైదానం చుట్టూ ఒక పూర్తి చుట్టు. ఆరంభం నుంచి ముగింపు వరకు ఎవరి వరుసలో వారే పరుగెత్తవలెను. దూరం దృష్ట్యా ఇది తక్కువ దూరపు పరుగులలో చివరిది. 100 మీటర్ల పరుగులో మొదటి నుంచి చివరి వరకు పూర్తి శక్తితో పరుగెత్తవచ్చును. 400 మీటర్లలో అది సాధ్యం కాదు. ఆరంభంలోనే శక్తినంతా వాడినవారు చివరి 100 మీటర్లలో కాళ్ళు బిగుసుకుపోయి వెనుకబడతారు. మరీ నెమ్మదిగా ఆరంభించినవారు ముందున్నవారిని అందుకోలేరు. కాబట్టి ఈ పరుగులో వేగంతో పాటు వేగాన్ని పంచుకునే లెక్క కూడా అవసరం. మేధోవైకల్యం గలవారికి కష్టమైనది సరిగ్గా ఈ లెక్కయే. పరుగు నడుమ ఆగి ఆలోచించుకునే వీలు ఉండదు. శిక్షణలో ఒకే పరుగును పలుమార్లు చేయించి ఆ లెక్కను శరీరానికే అలవాటు చేయవలసి ఉంటుంది.

దీప్తి కోబెలో నెలకొల్పిన 55.07 సెకండ్ల సమయాన్ని లెక్కవేస్తే సగటు వేగం గంటకు సుమారు 26 కిలోమీటర్లు అవుతుంది. పోలిక కొరకు, సాధారణ విభాగంలో మహిళల 400 మీటర్ల భారత రికార్డు 2018 జకార్తా ఆసియా క్రీడలలో అస్సాంకు చెందిన హిమా దాస్ సాధించిన 50.79 సెకండ్లు.

హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడలు (2023)

2022లో జరగవలసిన ఆసియా పారా క్రీడలు కరోనా కారణంగా వాయిదాపడి 2023 అక్టోబరు 22 నుంచి 28 వరకు హాంగ్‌ఝౌలో జరిగాయి. అక్టోబరు 24న జరిగిన మహిళల టీ20 400 మీటర్ల పరుగును దీప్తి 56.69 సెకండ్లలో పూర్తిచేసి బంగారు పతకం సాధించింది. ఇది ఆ క్రీడల రికార్డు, ఆసియా రికార్డు కూడా. ఆ క్రీడలలో భారతదేశం 29 బంగారు పతకాలతో కలిపి మొత్తం 111 పతకాలు సాధించి తన పూర్వపు లెక్కలన్నింటినీ అధిగమించింది.

ఈ విజయం తర్వాత లభించిన నగదు బహుమతితో దీప్తి కుటుంబం తాము అమ్ముకున్న భూమిని తిరిగి కొనుక్కున్నది. వ్యవసాయ కూలి కుటుంబానికి సొంత భూమి అనగా ఆదాయం మాత్రమే కాదు, ఊరిలో గౌరవం కూడా.

కోబె ప్రపంచ పోటీలు (2024)

ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు 2024 మే 17 నుంచి 25 వరకు జపాన్‌లోని కోబె నగరంలో జరిగాయి. దీప్తి ప్రాథమిక పరుగులో 56.18 సెకండ్లతో తన ఆసియా రికార్డును తానే మెరుగుపరచుకొని ఫైనల్‌కు చేరింది. మే 20న జరిగిన ఫైనల్‌లో 55.07 సెకండ్లలో పరుగును ముగించి కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అంతకుముందు రికార్డు బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 సెకండ్లు. తుర్కియేకు చెందిన ఐసెల్ ఓండెర్ 55.19 సెకండ్లతో రెండవ స్థానం, ఈక్వడార్‌కు చెందిన లిజాన్షెలా అంగులో 56.68 సెకండ్లతో మూడవ స్థానం పొందారు.

పాత రికార్డుకు, కొత్త రికార్డుకు మధ్య తేడా 0.05 సెకండ్లు మాత్రమే. ఆ వేగంలో ఇది సుమారు 36 సెంటీమీటర్ల దూరం, అనగా ఒక మూర కంటే తక్కువ. అయితే హాంగ్‌ఝౌ సమయంతో పోలిస్తే దీప్తి ఏడు నెలలలోపే 1.62 సెకండ్లు తగ్గించింది. దూరంగా చెప్పాలంటే కోబెలోని దీప్తి, హాంగ్‌ఝౌలోని దీప్తి కంటే సుమారు 11 మీటర్లు ముందు ఉంటుంది. 400 మీటర్ల పరుగులో ఇంత తక్కువ కాలంలో ఇంతటి మెరుగుదల అరుదు.

ఈ పోటీలలో భారతదేశం 6 బంగారు పతకాలతో కలిపి మొత్తం 17 పతకాలు పొందింది.

పారిస్ పారాలింపిక్ క్రీడలు (2024)

ప్రపంచ రికార్డు గల క్రీడాకారిణిగా దీప్తి పారిస్‌కు వెళ్ళింది. అయితే అక్కడ ఫైనల్ పరుగు ఆరంభం కాకముందే పరిస్థితి మారింది. సెప్టెంబరు 2న జరిగిన ప్రాథమిక పరుగులో ఐసెల్ ఓండెర్ 54.96 సెకండ్లలో పరుగెత్తి దీప్తి రికార్డును అధిగమించింది. ఆ విధంగా దీప్తి ప్రపంచ రికార్డు 105 రోజులు నిలిచింది. దీప్తి తన ప్రాథమిక పరుగును 55.45 సెకండ్లలో గెలిచి ఫైనల్‌కు అర్హత పొందింది.

సెప్టెంబరు 3న స్టాడ్ ద ఫ్రాన్స్ మైదానంలో జరిగిన ఫైనల్ ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

* బంగారు పతకం: యూలియా షూలియార్ (ఉక్రెయిన్), 55.16 సెకండ్లు
* రజత పతకం: ఐసెల్ ఓండెర్ (తుర్కియే), 55.23 సెకండ్లు
* కాంస్య పతకం: జీవాంజి దీప్తి (భారతదేశం), 55.82 సెకండ్లు

ఈ అంకెలను పరిశీలిస్తే ఒక విషయం తెలుస్తుంది. ముందురోజు పరుగెత్తిన సమయాన్ని పునరావృతం చేసి ఉంటే ఓండెర్ గెలిచేది. కోబె సమయాన్ని పునరావృతం చేసి ఉంటే దీప్తి షూలియార్ కంటే ముందుండేది. ఇద్దరికీ ఫైనల్‌లో తమ ఉత్తమ సమయం రాలేదు. దీప్తి విషయంలో తన కోబె పరుగుకు, పారిస్ ఫైనల్‌కు మధ్య తేడా 0.75 సెకండ్లు. రికార్డు ఏదో ఒకరోజు సాధించేది, పతకం ఆ ఒక్కరోజే సాధించవలసినది. 20 ఏళ్ళ వయసులో, తొలి పారాలింపిక్ క్రీడలలో, వరుసగా రెండు రోజులు పరుగెత్తి పతకం నిలుపుకోవడం ఈ దృష్టితో చూడవలసిన విజయం.

ఆ క్రీడలలో భారతదేశం 7 బంగారు, 9 రజత, 13 కాంస్య పతకాలతో మొత్తం 29 పతకాలు సాధించింది.

ఢిల్లీ ప్రపంచ పోటీలు (2025)

ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలను భారతదేశం మొదటిసారిగా 2025 సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 5 వరకు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ క్రీడామైదానంలో నిర్వహించింది. ఈ పోటీలలో దీప్తి 55.16 సెకండ్లతో రజత పతకం పొందింది. బంగారు పతకం ఓండెర్‌కు దక్కింది. పారిస్‌లో బంగారు పతకం తెచ్చిన సమయం కూడా సరిగ్గా 55.16 సెకండ్లే. ఏడాది తిరిగేసరికి అదే సమయం రెండవ స్థానానికి మాత్రమే చాలింది. ఈ అంశంలో పోటీ ఎంత వేగంగా పెరుగుతున్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

గుర్తింపులు

* పారిస్ నుంచి తిరిగివచ్చిన తర్వాత 2024 సెప్టెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీప్తికి కోటి రూపాయల నగదు, గ్రూప్-2 స్థాయి ఉద్యోగం, వరంగల్‌లో 500 చదరపు గజాల స్థలం ప్రకటించాడు. శిక్షకుడు నాగపురి రమేశ్‌కు 10 లక్షల రూపాయలు ప్రకటించాడు.
* 2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో జరిగిన కార్యక్రమంలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము క్రీడా పురస్కారాలను ప్రదానం చేసింది. ఆ ఏడాది అర్జున అవార్డు పొందినవారిలో దీప్తితో పాటు విశాఖపట్నానికి చెందిన హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ కూడా ఉన్నది.

పరుగు, దూకుడు: ప్రతిభను గుర్తించే పద్ధతి

తక్కువ దూరపు పరుగుకు, లాంగ్ జంప్‌కు దగ్గరి సంబంధం ఉన్నది. రెండింటిలోనూ కాళ్ళు అతి తక్కువ సమయంలో నేలను బలంగా తన్నవలెను. లాంగ్ జంప్‌లో దూకే దూరం ప్రధానంగా దూకే ముందు పరుగు వేగం మీద ఆధారపడి ఉంటుంది. అందువలననే 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో జెస్సీ ఓవెన్స్, 1984 లాస్ ఏంజెలెస్ క్రీడలలో కార్ల్ లూయిస్ 100 మీటర్లు, 200 మీటర్లు, 4×100 మీటర్ల రిలే, లాంగ్ జంప్ అనే నాలుగు అంశాలలోనూ బంగారు పతకాలు గెలువగలిగారు. తెలంగాణలో ఇందుకు ఉదాహరణ అగసర నందిని. ఈమె ఆడే హెప్టాథ్లాన్ అనే ఏడు అంశాల క్రీడలో 100 మీటర్ల హర్డిల్స్, 200 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ కూడా ఉంటాయి. నందిని 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 5712 పాయింట్లతో కాంస్య పతకం, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో బంగారు పతకం సాధించింది. ఈమెకు కూడా నాగపురి రమేశ్ శిక్షణ ఇచ్చాడు.

రాష్ట్రంలో చిన్నపిల్లలలో ఈ ప్రతిభను వెదకడానికి క్రీడా పాఠశాలలు ఉన్నాయి. హైదరాబాదు సమీపంలోని హకీంపేట పాఠశాలతో పాటు ఉత్తర తెలంగాణలో కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు కలవు. వీటిలో 4వ తరగతి ప్రవేశానికి పిల్లల ఎత్తు, బరువు చూడటంతో పాటు 30 మీటర్ల పరుగు, నిలుచున్న చోటు నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, అటూ ఇటూ 10 మీటర్ల చొప్పున ఆరుసార్లు పరుగెత్తడం, మెడిసిన్ బంతి విసరడం, శరీరం వంచడం, 800 మీటర్ల పరుగు అనే పరీక్షలు పెడతారు. వీటిలో ఎక్కువ భాగం పరుగు, దూకుడు సామర్థ్యాలను కొలిచేవే. అడవి గ్రామాల నుంచి, వ్యవసాయ గ్రామాల నుంచి వచ్చే పిల్లలకు చదువు, భోజనం, శిక్షణ ఒకేచోట లభించడం ఈ పాఠశాలల ప్రత్యేకత.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. ఎనిమిది, తొమ్మిది ఏళ్ళ వయసులో ఎవరో ఒకరు ఆ బిడ్డను పరీక్షకు తీసుకువెళ్ళవలెను. దరఖాస్తు నింపవలెను. చెప్పిన పరీక్షను బిడ్డ వెంటనే అర్థం చేసుకొని చేయవలెను. మాట గ్రహించడానికే సమయం పట్టే బిడ్డ ఆ వరుసలో నిలిచే అవకాశం తక్కువ. దీప్తి క్రీడా పాఠశాల ద్వారా వెలుగులోకి వచ్చిన క్రీడాకారిణి కాదు. ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండటం, అతడు గమనించడం, శిక్షకుడు పిలవడం, ఒక తోటి క్రీడాకారుడు పరీక్ష చేయించమని సూచించడం, తల్లిదండ్రులు బిడ్డను వదులుకోకపోవడం అనే ఐదు సంగతులు కలిసివచ్చి ఆమె కోబె వరకు వెళ్ళింది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆమె వేగం కల్లెడ మైదానం దాటి ఉండేది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మేధోవైకల్యాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చి, విద్యలోను, క్రీడలలోను వీరికి సమానావకాశం కల్పించవలెనని చెబుతున్నది. ఆ చట్టం పల్లెలో అమలయ్యే మొదటి చోటు బడి మైదానమే.

ప్రధాన అంతర్జాతీయ పతకాలు

* 2023: ఆసియా పారా క్రీడలు, హాంగ్‌ఝౌ - 400 మీటర్లు టీ20, బంగారు పతకం, 56.69 సెకండ్లు
* 2024: ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు, కోబె - 400 మీటర్లు టీ20, బంగారు పతకం, 55.07 సెకండ్లు (అప్పటి ప్రపంచ రికార్డు)
* 2024: పారాలింపిక్ క్రీడలు, పారిస్ - 400 మీటర్లు టీ20, కాంస్య పతకం, 55.82 సెకండ్లు
* 2025: ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు, ఢిల్లీ - 400 మీటర్లు టీ20, రజత పతకం, 55.16 సెకండ్లు